గాలికి ఎదురు నడిచే పడవ

గౌతమీ వశిష్ఠల నడుమ ఉన్న కొత్తపేట ప్రాంతానికి పడవ కొత్త కాదు. 1847లో మొదలై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట వలన మధ్యడెల్టాకు కాలువలు ఏర్పడినవి. అవి పొలాలకు నీరు తెచ్చిన కాలువలే గాక, ఊరికీ ఊరికీ బాటలు కూడా అయినవి. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, కలప, పెళ్ళివారు, చదువులకు వెళ్ళే పిల్లలు అందరూ పడవల మీదనే సాగిన రోజులు ఉండేవి. తరువాత రోడ్లు, వంతెనలు వచ్చి కాలువ ప్రయాణాలను మింగివేసినవి.

ఆ పడవల నడకలో ఒక విశేషమున్నది. గాలి వెనుకనుంచి వీస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే లోతు తక్కువ చోట గెడ వేసేవారు. కాలువలో అయితే ఇద్దరు ముగ్గురు గట్టు మీదికి దిగి తాడు భుజాన వేసుకొని లాగుకొని పోయేవారు. మరి గాలి ఎదురైతే? తెరచాప దించి, లంగరు వేసి, గాలి మళ్ళేదాకా కూర్చొనవలసినదే. వేసవి మధ్యాహ్నాలలో సముద్రం మీదినుంచి లోనికి వీచే గాలిని పట్టుకొని ఏరు ఎక్కడం, ప్రవాహంతోబాటు దిగి రావడం తెలివిగల సరంగు పద్ధతి. గాలివాటం అనే మాట తెలుగులోకి వచ్చినది ఈ అనుభవంలోంచే కాబోలు.

ఎదురుగాలిలో ముందుకు పోలేకపోవడం సరంగు నేర్పులో లోటా అంటే, కాదు. లోటు పడవ అడుగున ఉన్నది. ఇంకా సరిగా చెప్పాలంటే, అడుగున ఏమీ లేకపోవడంలో ఉన్నది. ఆ అడుగున ఒక లోహపు రెక్కను దించితే పడవ స్వభావమే మారిపోతుంది. అటువంటి రెక్కను కీల్ అంటారు. దానిని అమర్చిన చిన్న పడవలను తెరచాపలతో నడిపే పందేలు ప్రపంచంలో అనేక రేవులలో జరుగుతున్నవి. మన దేశంలో ముంబై రేవు ఇందుకు పేరుపడినది. 2025 సంక్రాంతికి కొత్తపేటకు చేరువనే ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పోటీ జరిగినది. అది తెడ్ల పందెం. గెలుపు చేతుల బలం మీద, తెడ్లన్నీ ఒకే తాళానికి పడటం మీద ఆధారపడుతుంది. తెరచాపల పందెంలో బలం గాలిది. అందరికీ ఒకే గాలి. అయినా ఒకరు ముందు, ఒకరు వెనుక వస్తారు. ఎందువలన అన్నదే ఇక్కడ చర్చనీయాంశం.

ముందుగా, గాలికి ఎదురు పోవడం ఎట్లా సాధ్యమో చూతము. తడి చింతగింజను రెండు వేళ్ళ నడుమ గట్టిగా నొక్కితే అది వేళ్ళ దిక్కుకు గాక, వేళ్ళకు అడ్డంగా ముందుకు దూకుతుంది. నొక్కే బలాలు రెండు పక్కలనుంచి వచ్చినవి; కదలిక వేరొక దిక్కున కలిగినది. కీల్ పడవలో ఒక వేలు గాలి, రెండవ వేలు నీరు. పక్కనుంచి వచ్చే గాలి తెరచాపను పక్కకు తోస్తుంది. నీటిలో ఉన్న కీల్ పక్కకు పోనీయక అడ్డుపడుతుంది. ఈ రెండు బలాలు ఒకదానికొకటి సరిగా ఎదురెదురుగా ఉండవు. తెరచాప బలం కొంచెం ముందుకు వాలి ఉంటుంది. పక్కబలాలు పరస్పరం రద్దుకాగా, ముందుకు వాలిన ఆ కొంచెమే మిగిలి పడవను నడుపుతుంది. కీల్ లేని చదును పడవకు రెండవ వేలు లేదు. అందుచేత అది గాలి తోసిన దిక్కుకే కొట్టుకొనిపోతుంది.

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహం రావలె. తెరచాప అంత పెద్దది గదా, దానికి ఎదురు నిలవడానికి ఇంత చిన్న రెక్క చాలునా? దీనికి సాంద్రత సమాధానం చెబుతుంది. ప్రవాహం కలిగించే ఒత్తిడి, సాంద్రతలో సగాన్ని వేగం యొక్క వర్గంతో హెచ్చించగా వచ్చినంత ఉంటుంది. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు, నీటి బరువు 1000 కిలోగ్రాములు. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తుంటే దాని ఒత్తిడి చదరపు మీటరుకు 15 న్యూటన్లు. పడవ సెకనుకు 2.5 మీటర్ల వేగంతో పోతుంటే, అంటే గాలిలో సగం వేగమే, నీటి ఒత్తిడి చదరపు మీటరుకు 3,125 న్యూటన్లు. రెండువందల రెట్లు దాటినది. అందువలన 24 చదరపు మీటర్ల తెరచాపకు ఒక చదరపు మీటరుకు అటూఇటూగా ఉన్న కీల్ జవాబు చెప్పగలుగుతుంది. అయితే ఒక షరతున్నది. పడవ కదులుతూ ఉండవలె. నిలిచిపోయిన పడవకు కీల్ ఉన్నా అంతగా పట్టు ఉండదు. పందెగాళ్ళు మలుపు తిప్పేటప్పుడు వేగం పోకుండా అంత జాగ్రత్త పడటానికి కారణం ఇదే.

పట్టు ఉన్న పడవ కూడా పూర్తిగా తిన్నగా పోదు. మూడు నాలుగు డిగ్రీలు గాలివాలుకు జారుతూనే ఉంటుంది. ఆ జారుడు వలననే నీరు కీల్‌కు కొంచెం ఏటవాలుగా తగిలి, పక్కకు నెట్టే బలం పుడుతుంది. జారుడు బొత్తిగా లేకపోతే ఆ బలమూ లేదు.

కీల్ చేసే రెండవ పని మరింత ముఖ్యమైనది. అది పడవను బోల్తా పడనీయదు. ఈ పనికోసం దానిని సీసంతోగానీ ఇనుముతోగానీ పోస్తారు. ప్రసిద్ధమైన జె-24 తరగతి పడవను తీసుకొందము. దాని పొడవు 7.32 మీటర్లు, బరువు 1,406 కిలోగ్రాములు. అందులో 431 కిలోగ్రాములు కీల్ భారమే. సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు కనుక అంత బరువు 38 లీటర్ల చోటులో, అంటే రెండు మూడు బిందెల నీరు పట్టే చోటులో ఇమిడిపోతుంది. ఇనుము అయితే 60 లీటర్ల చోటు కావలె. రెక్క లావైతే నీటి నిరోధం పెరుగుతుంది. సీసానికి ఉన్న గౌరవం ఇందువల్లనే.

ఆ భారం పడవ తేలే కేంద్రానికి 0.8 మీటరు క్రిందుగా ఉన్నదనుకొందము. పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు కీల్ దానిని తిరిగి నిలబెట్టే భ్రామకం 1,156 న్యూటన్-మీటర్లు. పడవలో అయిదుగురు మనుషులు, మొత్తం 350 కిలోల బరువుతో, గాలి వచ్చే వైపు అంచున నడిగీతకు ఒక మీటరు దూరంలో కూర్చుంటే వారి వలన కలిగే భ్రామకం 3,223. ఈ లెక్క చూచి, మనుషులే మేలు, సీసమెందుకు అని తొందరపడి అనుకొనరాదు. అదే పడవ 60 డిగ్రీలు ఒరిగితే ఏమవుతుందో చూడవలె. మనుషుల భ్రామకం 1,715కు పడిపోతుంది. కీల్ భ్రామకం 2,926కు పెరుగుతుంది. తెరచాప కొయ్య నీటిని తాకేటంతగా, 90 డిగ్రీలు పడిపోతే, మనుషుల భాగం సున్న. కీల్ భాగం 3,379, అంటే దాని గరిష్ఠం. ఒకటి కొసైన్, మరొకటి సైన్. తరగతిలో త్రికోణమితి దేనికి పనికివస్తుందని అడిగే విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ప్రమాదం పెరిగినకొద్దీ మనుషుల సాయం తగ్గుతుంది, సీసం సాయం పెరుగుతుంది.

ఇది ఆటలవారికి మాత్రమే సంబంధించిన లెక్క అనుకొనేందుకు వీలులేదు. 2018 జూలై 14న ముమ్మిడివరం ప్రాంతంలోని పశువులలంక వద్ద గౌతమిలో బడినుంచి ఇళ్ళకు మరలే పిల్లలు ఎక్కిన నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడినది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహారపడవ మునిగి అనేకులు మరణించినారు. లంకలకు పోయే చదును పడవకు కీల్ లేదు. దాని వెడల్పే దానిని నిలబెడుతుంది. కొంచెం ఒరిగినంతవరకు వెడల్పు గట్టిగానే పనిచేస్తుంది. అంచు నీటిని తాకిన క్షణంనుంచి ఆ బలం వేగంగా తగ్గిపోతుంది, ఆపైన నీరు లోనికి వస్తుంది. కీల్ పడవవలె చివరి నిమిషంలో లేపే సీసం అక్కడ లేదు. కూర్చున్న మనుషులు ఒక్కసారిగా లేచి నిలబడితే గురుత్వకేంద్రం పైకి పోతుంది. అందరూ ఒక పక్కకు చేరితే పడవ ఒరుగుతుంది. కదలక కూర్చోండి అని సరంగు కేకవేయడం వెనుక పైన చూచిన గణితమే ఉన్నది. పడవ నిండా ఎక్కించరాదనడానికి, ప్రతివారికీ తేలే కవచం ఉండవలెననడానికి కూడా కారణం అదే.

మరి గోదావరి పడవకు కీల్ ఎందుకు పెట్టలేదు? మనవారికి తెలియక కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెముల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి, తాళ్ళరేవు ప్రాంతం ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి. కాని ఏటి పడవ అవసరం వేరు. జె-24 నీటిలో 1.22 మీటర్ల లోతుకు దిగుతుంది. ఇసుక తిన్నెలు ఏటేటా చోటు మార్చే గోదావరిలో వేసవినాడు అటువంటి పడవ రోజుకు పదిసార్లు నేల తట్టుతుంది. రేవు లేని లంకలో గట్టుకు ఆనుకొని బస్తాలు దించడానికి అది పనికిరాదు. కాలువ వంతెనల క్రింద ఎత్తైన కొయ్య పట్టదు. చదును అడుగు అజ్ఞానం కాదు. ఆ నీటికి తగిన తెలివి.

లోతు లేని నీటిలో కూడా గాలికి ఎదురు పోవాలనుకొంటే మధ్యేమార్గమొకటి ఉన్నది. కదలని సీసపు కీల్‌కు బదులు, పైకి లాగుకోవడానికి వీలైన పలుచని పలకను పడవ నడుమ ఉన్న గాడిలోంచి దించుతారు. పక్కజారుడును అది ఆపుతుంది. పడవను నిలబెట్టడం మాత్రం మనుషుల శరీరాల పనే. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద కనిపించేవి ఇటువంటి పడవలే. అక్కడ సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పోటీలు జరుపుతున్నవి. వానకాలపు పడమటి గాలులు నిలకడగా వీచే రోజులలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వస్తుంది. బాలబాలికలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు గల చిన్న పెట్టెవంటిది. లేజర్ అనేది 4.2 మీటర్ల పొడవుగల ఒంటరి మనిషి పడవ. ఇవి బోల్తాపడటం మామూలే. పడిన కుర్రవాడు ఆ పలక మీదనే కాలుపెట్టి నిలబడి పడవను లేపుకొంటాడు. కీల్ పడవలో ఆ శ్రమను సీసమే పడుతుంది.

గాలికి ఎదురు పోవడమంటే నేరుగా గాలి ముఖంలోకి పోవడం కాదు. ఏ తెరచాప పడవా అట్లా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో ఒక పక్కకు కొంతదూరం, మళ్ళీ రెండవ పక్కకు కొంతదూరం, ఎడ్లబండి నిటారైన గట్టును ఏటవాలుగా ఎక్కినట్లు ఎక్కవలె. నేరుగా కిలోమీటరు దూరంలో ఉన్న గుర్తును చేరడానికి 45 డిగ్రీల పడవ 1.41 కిలోమీటర్లు నడవవలె. 40 డిగ్రీలకు చేరగల పడవకు 1.31 చాలు. 50 డిగ్రీలదానికి 1.56 కావలె. అయితే గాలికి మరీ దగ్గరగా పోతే వేగం పడిపోతుంది. సెకనుకు 2.5 మీటర్ల వేగంతో 42 డిగ్రీలలో పోయే పడవ గాలివైపు సంపాదించే వేగం 1.86 మీటర్లు, 2.7 మీటర్ల వేగంతో 47 డిగ్రీలలో పోయేది 1.84. దాదాపు సమానం. ఒకడు దగ్గరి దారిన నెమ్మదిగా, మరొకడు దూరపు దారిన వేగంగా వచ్చి గుర్తు దగ్గర ఎదురుపడతారు. ఒడ్డున ఉన్న ప్రేక్షకుడికి ఎవరు ముందున్నారో చివరివరకు అంతుచిక్కదు. తెరచాపల పందెం చూడటానికి జనం తక్కువ రావడానికి ఇదీ ఒక కారణమే.

వేగానికి కూడా ఒక మేర ఉన్నది. బరువైన పడవ నీటిని చీల్చుతూ తన పొడవుకు సమానమైన ఒక అలను సృష్టించుకొని, దాని గుంటలో తానే చిక్కుకొంటుంది. నీటిని తాకే పొడవు యొక్క వర్గమూలాన్ని 1.25తో హెచ్చిస్తే ఆ మేర సెకనుకు మీటర్లలో వస్తుంది. జె-24 నీటిగీత పొడవు 6.1 మీటర్లు, కనుక సుమారు 3.1 మీటర్లు, అంటే గంటకు 6 నాటికల్ మైళ్ళు. పొడవైన పడవ సహజంగానే వేగమైనది. అయితే డబ్బున్నవాడు పొడవైన పడవ చేయించుకొంటే పందెంలో మిగిలేదేమిటి?

ఈ చిక్కునుంచే ‘తరగతి’ అనే ఏర్పాటు పుట్టినది. ఒకే నమూనా ప్రకారం అన్ని పడవలూ కట్టి, వాటినే ఒకదానితో ఒకటి పోటీకి దింపడం దీని సూత్రం. 1887లో ఐర్లండులోని డబ్లిన్ ప్రాంతంలో వాటర్ వాగ్ అనే చిన్న పడవలతో ఇది మొదలైనది. కీల్ పడవలలో 1911 నాటి స్టార్, 1929లో నార్వే దేశస్థుడు యోహాన్ ఆంకర్ గీసిన డ్రాగన్ మిక్కిలి ప్రఖ్యాతి పొందినవి. డ్రాగన్ 1948 నుంచి 1972 వరకు ఒలింపిక్ క్రీడలలో ఉండినది. స్టార్ 2012 లండన్ క్రీడల వరకు నిలిచినది. ఆ తరువాత ఒలింపిక్ క్రీడలలో కీల్ పడవలకు చోటు పోయినది. జె-24 కథ ఇంకొక తీరు. 1970వ దశకం నడుమ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రాడ్ జాన్‌స్టన్ అనే ఆయన తన ఇంటి గారేజిలో, ఇంటివారి సాయంతో ఒక పడవ కట్టుకొన్నాడు. అది పందేలలో వరుసగా గెలుస్తుండగా చూచినవారు తమకూ కావాలన్నారు. 1977లో కార్ఖానాలో తయారీ మొదలైనది. ఆ తరగతి పడవలు అయిదువేలకు పైగా ప్రపంచమంతటా నీటికి దిగినవి.

ఒకే నమూనా అన్నంతమాత్రాన పడవలన్నీ ఒకటే కావు. అచ్చులో పోసిన ఇటుకలలోనే తేడా ఉంటుంది గదా. అందుచేత ప్రతి తరగతికి ఒక సంఘం, ఒక నియమావళి, కొలతలు తీసే అధికారి ఉంటారు. పడవను త్రాసుకు వేలాడదీసి తూస్తారు. నియమిత కనిష్ఠానికి తగ్గితే సీసపు దిమ్మలు బిగించి సరిచేస్తారు. కీల్ మందం, వెడల్పు ఇన్ని చోట్ల ఇంతకు తగ్గరాదని రేకు అచ్చులు పెట్టి చూస్తారు. మనుషులను కూడా తూస్తారు! జె-24లో ఎక్కేవారి మొత్తం బరువు 400 కిలోలు మించరాదు. అంచున కూర్చున్న బరువు ఎంత పని చేస్తుందో పైన లెక్క చూచినవారికి ఈ నియమం వింతగా తోచదు. ఈ హద్దు లేకపోతే నేర్పుగలవారికంటె లావుపాటివారికే గిరాకీ ఉండేది.

నియమాలు విడిచిన ఇరుకు సందులలోనే పందెగాడి పనితనమంతా ఉన్నది. ముందుగా పడవ అడుగు. నెలరోజులు నీటిలో ఉన్న పడవకు పట్టిన పలుచని నాచు, చేతికి కూడా సరిగా తెలియనంతటిది, వేగాన్ని గుర్తుపట్టేటంతగా తగ్గిస్తుంది. అందుకని పందేనికి ముందు అడుగును తుడిచి, సన్నని ఉప్పుకాగితంతో తడిగా రుద్దుతారు. కీల్ కార్ఖానాలోంచి వచ్చినప్పుడు ఎగుడుదిగుడుగా ఉంటుంది. దానికి లప్పం పెట్టి, పొడవైన చెక్కకు కాగితం చుట్టి అరగదీసి, రెండు పక్కలూ ఒకటే తీరుగా వచ్చేదాకా వారాలు గడుపుతారు. రెండు పక్కలు సమానం కాకపోతే పడవ కుడికి ఒకలాగా, ఎడమకు ఒకలాగా నడుస్తుంది.

తరువాత తాళ్ళు. కోనసీమవారికి కొబ్బరిపీచు తాడు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఉప్పునీటిలో అది త్వరగా కుళ్ళదు, నీటిమీద తేలుతుంది, బాగా సాగుతుంది. సాగే గుణం పడవను కట్టివేయడానికి మంచిది. అల కుదుపును తాడు మింగివేస్తుంది. తెరచాపను పైకెత్తి పట్టే తాడుకు ఆ గుణమే దోషం. పది మీటర్ల తాడు నూటికి ఒకటి సాగినా తెరచాప 10 సెంటీమీటర్లు జారుతుంది. గాలి విసురు తగిలినప్పుడల్లా గుడ్డ సంచిలాగా ఉబ్బి, పడవను ముందుకు నడిపే బలం తగ్గి పక్కకు ఒరిగించే బలం పెరుగుతుంది. అందుచేత ఈ పనికి మొదట ఉక్కుతీగ, తరువాత పాలియెస్టరు, ఇప్పుడు డైనీమా అనే ఇంకా తక్కువ సాగే నారతాళ్ళు వచ్చినవి. తెరచాప గుడ్డకూ ఇదే చరిత్ర. నూలుగుడ్డ వాడినకొద్దీ సాగి ఆకారం పోగొట్టుకొనేది. 1950ల నుంచి పాలియెస్టరు గుడ్డ దాని స్థానం ఆక్రమించినది. పందెగాడు తెరచాపను కొనేటప్పుడు గుడ్డను గాక దాని ఆకారాన్ని కొంటున్నాడనవచ్చును. ఇంత అవసరమైన తెరచాపలకు కూడా ఎన్ని ఉండవచ్చునో తరగతి నియమం హద్దు పెడుతుంది. లేకపోతే ప్రతి పందేనికీ కొత్తది కొనేవాడే గెలుస్తాడు.

కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగల బిగువును ఒక చిన్న పరికరంతో కొలుస్తారు. ఇంత గాలికి ఇంత బిగువు అని పట్టికలు ఉంటవి. గెలిచినవారు తమ పట్టికలను ఓడినవారికి చెప్పడం ఈ తరగతులలో ఆచారం. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఇందులో స్వార్థం కూడా కొంత ఉన్నది. ఎప్పుడూ ఓడేవాడు పడవ అమ్ముకొని పోతాడు. పోటీకి మనిషి లేని తరగతి చచ్చిపోతుంది. నలభై ఏళ్ళనాటి పడవ కూడా ఈ సంఘాల పుణ్యమా అని కొత్తదాని పక్కన నిలబడి పోటీచేయగలుగుతున్నది.

అలంకారాలన్నిటికంటె ముందు చూచుకోవలసినది కీల్‌ను పడవకు బిగించే మరలను. 2014 మే నెలలో అట్లాంటిక్ సముద్రంలో చీకీ రఫీకీ అనే పడవకు కీల్ ఊడిపోయినది. పడవ తలక్రిందులై నలుగురు నావికులు ప్రాణాలు కోల్పోయినారు. ఆ పడవను నిలబెట్టే బరువంతా ఆ కొద్ది మరల మీదనే వేలాడుతుంది. ఎప్పుడైనా నేల తట్టిన పడవను గట్టుకెక్కించి ఆ చోటును పరీక్షించకుండా సముద్రానికి తీసుకొనిపోవడం తెలివితక్కువ. లంగరు, దాని తాడు, ప్రాణరక్షక కవచాలు పందెంలో బరువే అయినా ఒడ్డున వదిలిపోనీయరు. బాల్చీ కూడా ఉండవలసినదే. భయపడిన మనిషి చేతిలోని బాల్చీకంటె మంచి నీళ్ళు తోడే యంత్రం లేదని నావికులు అంటారు.

ఇక పందెం. పరుగుపందెంలోవలె ఇక్కడ ఎవరూ గీత మీద నిలబడరు. పడవను నిలబెట్టడం సాధ్యం కాదు. లంగరు వేసిన అధికారుల పడవకు, తేలే గుర్తుకు నడుమ కంటికి కనిపించని గీత ఉంటుంది. అయిదు నిమిషాల ముందు తరగతి జెండా ఎత్తుతారు. నాలుగు నిమిషాల ముందు రెండవ జెండా. ఒక నిమిషం ఉన్నదనగా దానిని దించుతారు. సున్నకు మొదటిది దిగుతుంది. ఈలోగా పడవలన్నీ గ్రద్దలలాగా తిరుగుతూ, సరిగా ఆ క్షణానికి పూర్తి వేగంతో గీతను చేరడానికి ప్రయత్నిస్తవి. ముందే దాటినవాడు వెనుకకు వచ్చి మళ్ళీ దాటవలె. గీతను గాలికి లంబంగా వేస్తారు. కాని గాలి 10 డిగ్రీలు మళ్ళినదనుకొనండి. వంద మీటర్ల గీతలో ఒక కొన రెండవదానికంటె గాలికి 17 మీటర్లు దగ్గరవుతుంది. రెండు పడవల పొడవుకు మించిన లాభం! దిక్సూచితో ఈ మార్పును పసికట్టినవాడు పందెం మొదలుకాకముందే సగం గెలిచినట్లే.

నీటిమీద న్యాయాధికారి ప్రతి పడవ వెంటా ఉండడు. దారి విడిచే నియమాలు అందరూ బట్టీపట్టినవే. గాలి కుడివైపునుంచి తగిలే పడవకు, ఎడమవైపునుంచి తగిలే పడవ తప్పుకొనవలె. ఇద్దరికీ ఒకే వైపునుంచి తగులుతుంటే గాలి దిక్కున ఉన్నవాడు తప్పుకొనవలె. తప్పు చేసినవాడు సాధారణంగా తనంతట తానే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకొని మరల పందెంలో కలుస్తాడు. మొదట వచ్చినవానికి 1, రెండవవానికి 2, ఈ తీరుగా అంకెలు వేసి, కొన్ని పందేల మొత్తంలో తక్కువ వచ్చినవారిని విజేతగా ప్రకటిస్తారు. ఎక్కువ పందేలు జరిగితే ఎవరి చెడ్డ ఫలితాన్ని వారికి విడిచిపెట్టడం కూడా ఉన్నది.

చిన్న పడవమీద నేర్చిన ఈ విద్య ఎంతదూరం పోగలదో చూపిన ఉదాహరణ తెలుగువారికి దగ్గరలోనే ఉన్నది. భారత నౌకాదళానికి చెందిన 17 మీటర్ల తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయలుదేరి భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి చేరినది. నడిపినవారు ఆరుగురూ మహిళా అధికారులు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులలో ఆగినారు. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటినారు. చివరి అంచెలో చుక్కాని యంత్రం చెడి, అనుకోకుండా మారిషస్‌లో ఆగవలసి వచ్చినది. పసిఫిక్ తుపానులో కొండంత అల పక్కనుంచి కొట్టి ఒరిగించినప్పుడు పడవను తిరిగి నిలబెట్టేది పైన లెక్కవేసిన ఆ సైన్ భాగమే.

ఈ సంగతులను పరీక్షించడానికి సముద్రానికి పోనక్కరలేదు. మూరెడు పొడవుగల రెండు బూరుగు చెక్కలను ఒకే తీరుగా పడవ ఆకారంలో చెక్కి, వెదురుపుల్ల కొయ్య, గట్టి కాగితం తెరచాప అమర్చవలె. ఒకదాని అడుగున మాత్రం నాలుగు వేళ్ళ లోతు రేకుముక్కను నిలువుగా దిగగొట్టి, దాని కొసకు వలలకు కట్టే సీసపు గుండ్లు రెండు నొక్కి బిగించవలె. గాలి నెమ్మదిగా ఉన్న సాయంకాలం, వెడల్పైన నీటి గాబులోగాని, ఉపాధ్యాయుడు దగ్గర ఉండగా లోతులేని చెరువు అంచున గాని రెండింటినీ గాలికి ఏటవాలుగా, తెరచాపను దాదాపు నడిగీతకు లాగి కట్టి వదలవలె. రేకు లేనిది పక్కకు కొట్టుకొనిపోతుంది. రేకు ఉన్నది ముందుకు సాగుతుంది. రేకు స్థానాన్ని మార్చి చూస్తే ఇంకొక విశేషం కనబడుతుంది. దానిని వ్రేలెడు ముందుకు జరిపితే పడవ ముక్కు గాలివైపు తిరిగి ఆగిపోతుంది; వెనుకకు జరిపితే ముక్కు గాలికి దూరంగా మళ్ళుతుంది. చుక్కాని లేకుండానే పడవ తిన్నగా పోయే చోటు ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉన్నది. దానిని పెన్సిలు గీతతో గుర్తించి, తెరచాప పెద్దది చేసినప్పుడు ఆ గీత ఎటు జరుగుతుందో కొలవవలె.